షంట్ వేయించుకొని ఇంటికొచ్చిన మనిషి



ఈ రోజు పెద్దపల్లిలో నర్సింగ్ పట్టాలు అందుకుంటున్న మీకు ఉద్యోగాల గురించి, విదేశాల గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. నేను కాలేయ వైద్యుణ్ని. నాకు బాగా తెలిసిన ఒక్క సంగతే చెబుతాను. షంట్, అంటే కాలేయాన్ని తప్పించి రక్తానికి వేసే పక్కదారి, వేసేది హైదరాబాద్‌లోనే కావచ్చు, అది మనిషికి అచ్చొచ్చిందా లేదా అన్నది మాత్రం ఇక్కడ, మీ చేతుల్లో తేలుతుంది.

సిర్రోసిస్‌తో కాలేయం గట్టిపడితే పేగుల నుంచి, ప్లీహం నుంచి రక్తం తెచ్చే పోర్టల్ సిరకు దారి ఇరుకవుతుంది. కాకతీయ కాలువకు అడ్డం పడితే గట్టు ఎక్కడ పలచగా ఉంటే అక్కడ తెగుతుంది కదా, ఇదీ అంతే. ఒంట్లో ఆ పలచని గట్టు అన్నవాహిక అడుగున ఉబ్బిన సిరలు. పోర్టల్ సిరకు, హెపాటిక్ సిరకు మధ్య పీడనంలో తేడా 12 మి.మీ. పాదరసం దాటిందంటే అవి పగిలే ప్రమాదం ఉన్నట్టే. గోదావరిఖని నుంచో మంథని నుంచో అర్ధరాత్రి నెత్తురు కక్కుకుంటూ వచ్చే మనిషిని ముందుగా చూసేది మీరే.

ఇక్కడి నుంచి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. అందుకే డాక్టరు రాసిన టెర్లిప్రెసిన్, యాంటీబయాటిక్ అంబులెన్స్ ఎక్కకముందే పడాలి. "ఇంకో రెండు సీసాల రక్తం ఎక్కించుండ్రి సారూ" అని చుట్టాలు బతిమాలతారు. సాధారణంగా హిమోగ్లోబిన్ 7, 8 మధ్య ఉంటే చాలు. అవసరానికి మించి ఎక్కిస్తే పోర్టల్ పీడనం పెరిగి అదే సిర మళ్లీ పగలొచ్చు. పట్నంలో ఎండోస్కోపీతో బ్యాండ్లు వేస్తారు, చాలామందికి అంతటితో ఆగుతుంది. ఆగకపోతే, లేదా మళ్లీ పగిలే భయం ఎక్కువగా ఉంటే టిప్స్ అనే షంట్ వేస్తారు. మెడ దగ్గరి సిరలోంచి సూది దింపి, కాలేయం లోపలే పోర్టల్ సిరను హెపాటిక్ సిరతో కలిపి మధ్యలో స్టెంట్ పెడతారు. పొట్ట కోయరు.

ఈ ఆలోచన పాతదే. 1877లో రష్యాలో నికొలాయ్ ఎక్ ఎనిమిది కుక్కల మీద పోర్టల్ సిరను కింది మహాసిరకు కలిపాడు. ఒక్కటే రెండున్నర నెలలు బతికి, ప్రయోగశాల నుంచి పారిపోయింది. తెలివైన కుక్కే! 1893లో పావ్లోవ్ బృందం ఇంకో విషయం గమనించింది: అలా కలిపిన కుక్కలకు మాంసం పెడితే మత్తు, తూలుడు, మూర్ఛ. పేగుల్లోని విషాలు కాలేయం గడప తొక్కకుండా నేరుగా మెదడుకు చేరుతున్నాయన్నమాట. 1945 నుంచి అమెరికాలో విపుల్ లాంటి సర్జన్లు రోగులకు షంట్ ఆపరేషన్లు పెద్దఎత్తున మొదలుపెట్టారు. ఒక్కసారీ నెత్తురు కక్కని వాళ్లకు కూడా ముందుజాగ్రత్తగా చేసి చూశారు. రక్తస్రావం తగ్గింది, ఆయుష్షు మాత్రం పెరగలేదు, మెదడు మసకబారినవాళ్లు ఎక్కువయ్యారు. నా దృష్టిలో ఈ రంగం నేర్చుకున్న అసలు పాఠం అదే. అందుకే ఇప్పుడు షంట్‌కు ముందు ఎవరికి, ఎప్పుడు అని ఇంత లెక్క చూస్తున్నాం. కాలేయ మార్పిడి వరుసకు వాడే మెల్డ్ స్కోరు కూడా మొదట టిప్స్ రోగుల కోసం 2000లో పుట్టిందే.

టిప్స్ తర్వాత కూడా దాదాపు మూడింట ఒకరికి ఆ మసక వస్తుంది. దాన్ని ముందు పసిగట్టేది స్కాన్ కాదు, ఇంటి ఆడమనిషి. టిప్స్ చేయించుకున్న ఒకాయన భార్య నాతో ఇలా అంది: "పగటీలంత పంటడు సారూ, రాత్రంత మేల్కొనే ఉంటడు. నిన్న బండి తాళం చేతిల వట్టుకొనే తాళమేదని లొల్లి వెట్టిండు." ఇంతకంటే మంచి కేస్ షీట్ ఎవరు రాస్తారు? ఆయన్ని చేతులు చాచి మణికట్లు పైకెత్తమన్నాను. వేళ్లు ఉన్నట్టుండి వాలిపోతూ, మళ్లీ లేస్తున్నాయి. మూడు రోజులుగా మోషన్ లేదు. మోషన్ కావడానికి ఇచ్చిన లాక్టులోజ్ మందు తీపి నచ్చక మానేశాడు.

మన దగ్గర ఇంకో చిక్కు పత్యం. కామెర్లు అనగానే పప్పు బంద్, గుడ్డు బంద్, మజ్జిగన్నమే గతి. మాంసకృత్తులు ఆపితే మెదడు తేటపడుతుందని ఒకప్పుడు డాక్టర్లమే చెప్పాం, పాపం ఇంటివాళ్లను అని ఏం లాభం? ఇప్పుడు అలా ఆపొద్దంటున్నాం. కండ కరిగితే, ఆ పేగుల విషాల్లో ఒకటైన అమ్మోనియాను పట్టే చోటు తగ్గి రోగం ఇంకా ముదురుతుంది. పప్పు, పెరుగు, గుడ్డు తినమనండి, పడుకునే ముందు కూడా కాస్త ఏదైనా పెట్టమనండి. ఈ మాట నేను పట్నంలో ఒకసారి చెబితే డిశ్చార్జి కాగితంతో పాటు మడతలో పోతుంది. మీరు వాళ్ల యాసలో, వాళ్ల అత్తగారి ఎదుట చెబితే వంటింటి దాకా వెళ్తుంది.

డిశ్చార్జి కాగితం మీద టిప్స్ అని కనబడితే మోషన్ రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా అవుతోందా, నిద్ర తారుమారైందా అని పక్కనున్న మనిషిని అడగండి. నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో నిద్రమాత్ర కొనిచ్చారేమో కూడా కనుక్కోండి. ఇచ్చి ఉంటే ఆ మాత్రల షీట్ తీసుకొని పక్కన పెట్టి, మత్తు దిగేదాకా కాసుకొని కూర్చోకుండా అప్పుడే డాక్టరుకు ఫోన్ చేయండి.