వరద నీరు – ఎలుక జ్వరం
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే మాస్టరును. అయినా కమిటీవారు ఈ విషయం మాట్లాడమన్నప్పుడు కాదనలేదు. మన అంతర్వేది వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు. భద్రాచలంలో నీరు పెరిగిందంటే ఇక్కడ లంకల్లో గుండె దడ. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. వరదప్పుడు ఇల్లూ, గొడ్డూ, తోటా అనుకుంటాం. వరద తీశాక వచ్చే జబ్బు మాట మరచిపోతాం.

దాని పేరు లెప్టోస్పైరోసిస్. ఎలుక జ్వరమని కూడా అంటారు. 1886లో వైల్ అనే జర్మన్ డాక్టరు దీని లక్షణాలు వివరించాడు. తరువాత జపానులో ఇనాడా, ఇడో అనేవారు దీనికి కారణమైన బాక్టీరియాను కనిపెట్టారు. మెలితిరిగిన సన్నని పోగులాంటి ఆ క్రిమి ఎలుక మూత్రపిండాల్లో కాపురముంటుంది. ఎలుకకేమో జబ్బు కనబడదు! గొడ్లు, మేకలు, కుక్కలు, పందుల మూత్రంలోనూ రావచ్చు. అది నీళ్లలో, బురదలో కలిసి, తడి ఆరనిచోట వారాల తరబడి బతుకుతుంది. కాలి పగుళ్లు, గాయాలు, కళ్లు, ముక్కు, నోరు – ఇవే దానికి దారులు. మనిషి నుంచి మనిషికి సోకడం బహు అరుదు. కనుక రోగిని దూరం పెట్టకండి.

మడిలో నాట్లు వేసేవారు, చెరువుల్లో దిగేవారు, పాక ఊడ్చే ఆడవాళ్లు, మాంసం కోసేవారు – వీరికి ముప్పు ఎక్కువ. మన తెలుగువాళ్లు ఎందరో ఉన్న అండమాన్ దీవుల్లో 1980ల చివర ఏదో అంతుపట్టని జ్వరం రక్తం కక్కించి ప్రాణాలు తీసింది. అది ఇదేనని తరువాత తేలింది. 2018 వరదల తరువాత కేరళలోనూ ఇది విజృంభించింది.

ఇక లక్షణాలు. నీళ్లలో తిరిగిన వారం, రెండు వారాలకు, ఒక్కోసారి నెలకు, చలితో జ్వరం, తలనొప్పి, పిక్కల్లో పట్టుకోలేని నొప్పి, కళ్లు ఎర్రబడటం. చాలామందికి ఇంతటితో తగ్గుతుంది. ముదిరితే కళ్లు పచ్చబడతాయి, మూత్రం తగ్గుతుంది, దగ్గులో రక్తం పడుతుంది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉందండీ. కళ్లు పచ్చబడగానే "కామెర్లు" అని పసరు మందుకు పరుగెత్తుతాం. మూడు రోజులు పసరు, నాలుగు రోజులు పథ్యం. ఈలోగా మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒళ్లు నొప్పులకని కొట్లో బిళ్లలు కొని మింగితే వాటికి మరింత చేటు. మొదటి రోజుల్లోనే ఆసుపత్రికి వెళితే డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ లాంటి మామూలు మందులకే లొంగే జబ్బు ఇది. మొదట్లో రక్తపరీక్షలో తేలకపోవచ్చు. అందుకే "వరద నీళ్లలో తిరిగాను" అని డాక్టరుగారికి మీరే నోరు తెరిచి చెప్పాలి.

జాగ్రత్తలు చెబుతాను:

1. వరద నీళ్లలో, బురదలో ఒట్టికాళ్లతో దిగవద్దు. రబ్బరు బూట్లు వేసుకోండి. పుండ్లకు నీరు తగలకుండా కట్టు కట్టండి.
2. తిరిగి వచ్చాక సబ్బుతో కాళ్లూ చేతులూ కడగండి.
3. నీళ్లు మరగబెట్టి తాగండి. వుజూలో నోరూ ముక్కూ పుక్కిలిస్తాం కదా, వరద నీరు చేరిన బావినీ, హౌజునూ తోడి, బ్లీచింగ్ వేయించాకే వాడండి.
4. ధాన్యం, కొబ్బరికాయలు నేలమీద పోసి ఎలుకలకు విందు చేయవద్దు. చచ్చిన ఎలుకను చేత్తో ముట్టవద్దు.
5. బక్రీద్ నాడు జంతువును కోసేవారు చేతికి గాయముంటే తొడుగు వేసుకోవాలి.
6. ముందు జాగ్రత్తగా వేసుకునే బిళ్లలున్నాయి. అవి డాక్టరు చెబితేనే. గర్భిణులకూ, చిన్నపిల్లలకూ సొంతంగా ఇవ్వరాదు.

మన సంఘానికి ఒక విన్నపం. చందా డబ్బులో కొంత తీసి పది జతల రబ్బరు బూట్లు, ఒక బస్తా బ్లీచింగ్ పౌడరు వర్షాకాలానికి ముందే కొని ఉంచండి. ఏ కులమని, ఏ మతమని అడగకుండా వాడకు ఇవ్వండి. వరద అందరి గుమ్మమూ ఒకేలా తొక్కుతుంది.