గేజికి సున్నా ఎక్కడ?

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "పది నిమిషాలు మాట్లాడాలి, బ్యారేజీ గురించైతే బాగుంటుంది" అన్నారు. ధవళేశ్వరంలో నిలబడి బ్యారేజీ గురించి చెప్పడమంటే తాపేశ్వరం వెళ్ళి కాజా చుట్టడం నేర్పినట్టే. అందుకని ఇంజనీరుగా కాక, టెన్నిస్ ఆడే పిల్లకి తండ్రిగా పదేళ్ళు తిరిగి తెలుసుకున్న సంగతి ఒకటి చెబుతాను. మన దేశపు జూనియర్ జట్టులోకి పిల్లల్ని ఎలా తీసుకుంటారన్నది. ఆఖర్లో మన బాల్ బ్యాడ్మింటన్ కూడా వస్తుంది, కంగారు పడకండి.

పద్నాలుగేళ్ళ లోపు వాళ్ళకి వరల్డ్ జూనియర్ టెన్నిస్ అని ఒక పోటీ ఉంది. పదహారేళ్ళ లోపు మగపిల్లలకి జూనియర్ డేవిస్ కప్, ఆడపిల్లలకి జూనియర్ బిల్లీ జీన్ కింగ్ కప్. జట్టంటే ముగ్గురే. ఒక్కో దేశంతో రెండు సింగిల్స్, ఒక డబుల్స్. ఇంత పెద్ద దేశం నుంచి ముగ్గురు! మన స్కూల్లో కబడ్డీ జట్టుకి కూడా పన్నెండు మంది ఉండేవాళ్ళం.

ఆ ముగ్గురిలోకి దారి చాలా కిందనుంచి మొదలవుతుంది. అఖిల భారత టెన్నిస్ సంఘంలో పిల్ల పేరు నమోదు చేయించాలి, దానికి పుట్టినరోజు సర్టిఫికెట్ కావాలి. తర్వాత టాలెంట్ సిరీస్, చాంపియన్‌షిప్ సిరీస్, సూపర్ సిరీస్, నేషనల్ సిరీస్ అని మెట్లు. మెట్టు పెరిగినకొద్దీ గెలుపుకి పాయింట్లు ఎక్కువ. పాయింట్లతో ర్యాంకు వస్తుంది. సెలక్షన్ కమిటీ ముందుకు వెళ్ళేది ముఖ్యంగా ఆ ర్యాంకులే, అంతర్జాతీయ ర్యాంకు ఉంటే అదీ. కొన్నిసార్లు ట్రయల్స్ పెడతారు.

అంతర్జాతీయ జూనియర్ ర్యాంకు లెక్క నాకు మొదట భలే నచ్చింది. ఏడాదిలో బాగా ఆడిన ఆరు సింగిల్స్ పోటీల పాయింట్లు, వాటికి మంచి ఆరు డబుల్స్ పాయింట్లలో నాలుగో వంతు కలుపుతారు. పిల్లకి జ్వరం వచ్చి ఒకటి రెండు పోటీలు పాడైనా నష్టం లేదన్నమాట. తర్వాత ఒక రాత్రి రైల్లో కూర్చుని ఆలోచిస్తే ఇంకోటి తట్టింది. ఇరవై పోటీలు ఆడిన పిల్లకి మంచి ఆరు దొరకడం తేలిక. ఏడే ఆడగలిగిన పిల్లకి దాదాపు అన్నీ మంచివే కావాలి. కాబట్టి ఆ అంకెలో ఆటతోపాటు తండ్రి సెలవులు, తల్లి ఓపిక, రైలు రిజర్వేషన్లు కూడా కలిసి ఉంటాయి. హైదరాబాదులో ఉన్న మాకే ఊపిరాడలేదు. ఇక్కడ కోటిపల్లి బస్టాండు దగ్గర బస్సు ఎక్కి బయల్దేరాల్సిన పిల్ల సంగతి చెప్పక్కర్లేదు.

ఇక వయసు. ఈ వయోవర్గాలకి లెక్క పుట్టిన సంవత్సరంతో. జనవరి ఒకటిన పుట్టినా డిసెంబరు ముప్పై ఒకటిన పుట్టినా ఒకటే వర్గం. పదమూడేళ్ళప్పుడు పదకొండు నెలల తేడా అంటే మీకు తెలియనిది కాదు, టీచర్లు ఏడో తరగతి వరసలో నిలబెట్టి చూసే ఉంటారు. కెనడాలో రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1985లో ఐస్ హాకీ ఆటగాళ్ళ పుట్టిన నెలలు లెక్కవేసి, ఏడాది మొదటి నెలల వాళ్ళే ఎక్కువని చూపించారు. పొడుగ్గా ఉన్నవాణ్ణి చూసి ఆట ఉందనుకుంటాం, జట్టులో వేస్తాం, వాడికే కోచింగ్ దొరుకుతుంది, రెండేళ్ళకి వాడికి నిజంగానే ఆట వస్తుంది.

అలాగని ఇది శిలాశాసనమేం కాదు. సానియా మీర్జా పుట్టింది 1986 నవంబరులో. 2003లో రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. మన ఉయ్యూరులో పుట్టి విశాఖలో ఆట నేర్చుకున్న సాకేత్ మైనేని 1987 అక్టోబరు. జూనియర్‌గా సానియాకి వచ్చినంత పేరు అతనికి రాలేదు. అమెరికాలో అలబామా యూనివర్సిటీకి ఆడి, డిగ్రీ అయ్యాక నిలదొక్కుకున్నాడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం ఆ ఇద్దరిదీ. 2016లో అతను క్వాలిఫయింగ్ గెలిచి యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలోకి వచ్చేసరికి ఇరవై ఎనిమిది నిండాయి. పద్నాలుగేళ్ళకే చివరి లెక్క కట్టేసి ఉంటే ఏమయ్యేది?

మా అమ్మాయి డిసెంబరు పిల్ల. పద్నాలుగేళ్ళ లోపు రాష్ట్ర జట్టుకి రెండు స్థానాల దూరంలో ఆగిపోయింది. తనకంటే ముందున్న ఒక పిల్ల మా అమ్మాయికి జానెడు పొడుగు. "ఆ పిల్లకి పదహారు ఉంటాయి, సర్టిఫికెట్ దొంగది" అని పెవిలియన్ మెట్ల మీద నేనే నలుగురితో అన్నాను. ఇది ఊహించుకున్న రోగం కాదు, మన దేశంలో ఉన్న రోగమే. 2010లో కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ వయసు మోసాల మీద ప్రత్యేకంగా ఒక నియమావళే తెచ్చింది. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలతో వయసు అంచనా కడతారు. అది దగ్గర దగ్గరగా చెబుతుందే గాని పుట్టినరోజు చెప్పలేదు. ఆ పిల్లకి పరీక్ష పెట్టించమని ఉత్తరం కూడా టైపు చేశాను. పంపలేదు. తర్వాత తెలిసింది, ఆ పిల్ల వయసు సరైనదే. తండ్రి ఆరడుగుల మనిషి, అంతే.

ఎందుకు పంపలేదో చెప్పడానికే అసలు ఇవాళ వచ్చాను.

మన ఊరి గేజి మీ అందరికీ తెలుసు. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకెలకి విలువ ఎక్కడిది? సున్నా సరిగ్గా పెట్టబట్టి. సున్నా ఒక అడుగు కిందో మీదో ఉంటే, ఎంత నిజాయితీగా చదివినా గేజి అబద్ధమే చెబుతుంది. ఆటల పిల్లలకి ఆ సున్నా పుట్టినరోజు.

నా సర్టిఫికెట్లో ఉన్నది 1969 జూన్ 1. నేను పుట్టింది 1968 ఏప్రిల్లో. వేరే ఊళ్ళో ఒకటో తరగతిలో వేసేటప్పుడు మా నాన్నగారు ఒక ఏడాది తగ్గించి రాయించారు. రేపు సర్కారు ఉద్యోగం వస్తే ఏడాది సర్వీసు కలిసొస్తుందని. ఆ రోజుల్లో అది మోసం అని ఎవరూ అనుకునేవారు కాదు, ముందుచూపు అనేవారు. మీలో జూన్ ఒకటి, జులై ఒకటి వాళ్ళు ఎంతమందో చేతులెత్తమనను లెండి.

1982లో, కొత్త బ్యారేజీ పూర్తవుతున్న రోజుల్లో, పద్నాలుగేళ్ళ లోపు బాల్ బ్యాడ్మింటన్ సెలక్షన్లకి డ్రిల్లు మాస్టారు మమ్మల్ని రాజమండ్రి తీసుకెళ్ళారు. మన దగ్గర్నుంచి ఒక్కడికే చోటు. నాకూ, నా స్నేహితుడికీ మధ్య తేల్చాలి. వాడు నిజంగా పన్నెండేళ్ళవాడు, చిన్న మనిషి. పచ్చ ఊలు బంతిని నెట్‌కి ఆనుకుని దింపేవాడు, అది పైకి లేచేది కాదు. నేను పొడుగు, వెనకనుంచి బలంగా కొట్టేవాణ్ణి. నన్ను తీసుకున్నారు. తీసుకున్నవాళ్ళ తప్పేం లేదు, వాళ్ళ ముందు ఉన్న కాగితం ప్రకారం ఇద్దరం పదమూడు లోపే. జిల్లా జట్టుతో వెళ్ళాను, మొదటి మ్యాచిలోనే ఓడి తిరిగొచ్చాను. ఆ సర్టిఫికెట్ మా అమ్మ ఫ్రేము కట్టించింది. వాడు మరుసటి ఏడు బ్యాటు పట్టలేదు. రామపాదాల రేవు దగ్గర ఈతకి మాత్రం వచ్చేవాడు.

నేను సర్కారు ఉద్యోగంలో చేరనే లేదు. మా నాన్నగారు దాచిపెట్టిన ఆ ఏడాది, వాడి చోటు తీసుకోవడానికి తప్ప, ఇంకెక్కడా నాకు అక్కరకు రాలేదు.

సంఘానికి ఒక చిన్న కోరిక. ఇక నుంచి మన స్కూలు పిల్లల్ని ఏ ఆటకి పంపినా, మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రంతోనే పంపుదాం. లేనివాళ్ళకి తెప్పించే ఖర్చు, తిరుగుడు సంఘం చూసుకోవాలి. సెలక్షన్ ఒక్క పూటలో కాకుండా మూడు నాలుగు ఆదివారాలు పెడితే, నెట్ దగ్గర ఆడే చిన్నవాడు కూడా కళ్ళబడతాడు. ఆ ఆదివారాల టిఫిన్ల ఖర్చు మా బ్యాచిది.

ఇదంతా చెప్పేముందు నా స్నేహితుణ్ణి అడిగాను. వాడు ఇవాళ ఈ హాల్లోనే ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నీ వయసు సంగతి నాకు అప్పుడే తెలుసురా, మీ అమ్మగారు మా అమ్మతో అన్నారు" అన్నాడు. నలభై ఏళ్ళుగా వాడికి తెలుసు! "చెప్పుకుంటే చెప్పుకో గాని, సెలక్షన్ రోజు పొద్దున్న ప్రాక్టీసులో మా వైపు వాళ్ళం మిమ్మల్ని రెండు గేములూ ఓడించాం, అదీ చెప్పు" అన్నాడు.

ఓడించారు. రెండు గేములూ.