“ఊరికే” యన్న ఒక్క మాట

బీమా యనునది మాటపై నిలుచు బేరము. బియ్యము కొన్నవానికి బియ్యము కంటికి కనబడును. గుడ్డ కొన్నవానికి గుడ్డ చేతికి వచ్చును. బీమా కొన్నవానికి దక్కునది ఒక కాగితము మాత్రమే. ఆ కాగితము విలువ తేలునది ఆపద వచ్చిననాడు. ఆనాడు ఆ యింటివారు కోర్టు మెట్లెక్కవలసి వచ్చినచో, కాగితముపై జరిగిన బేరము నోటిమాటతో, అనగా సాక్ష్యముతో, ఋజువు కావలసియుండును. కావున బీమా న్యాయమును బోధించువాడు సాక్షిని ప్రశ్నించు నేర్పును గూడ బోధింపవలెనని నా మనవి. ఈ రెంటిని వేరుచేసినందువలని నష్టము గ్రంథములకు లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము వంటి ఊళ్లలోని సామాన్య కుటుంబములకు కలదు.

పుట్టుకలో ఈ రెండును విడివిడిగా లేవు. 1756 నుండి 1788 వరకు ఇంగ్లండులో ప్రధాన న్యాయాధిపతిగా నుండిన మాన్స్‌ఫీల్డు ప్రభువు, వర్తకులను జ్యూరీలో కూర్చుండబెట్టి, వారి వాడుకలను వారినుండియే తెలిసికొని, బీమా న్యాయమునకు రూపము దిద్దెను. 1766లో సుమత్రా దీవిలోని ఒక కోటను గూర్చిన బీమా వ్యాజ్యము ఆయన యెదుటికి వచ్చినది. బీమా చేయించుకొనువాడు తనకు మాత్రమే తెలిసిన విషయములను దాచరాదనియు, బీమా ఇచ్చువాడు తనకు తెలిసియున్న, తెలిసికొనవలసియున్న విషయములను చెప్పలేదని నేరమెన్నరాదనియు ఆయన నిర్ణయించెను. పరమ విశ్వాస సూత్రమని మేము తరగతిలో చెప్పునది ఇదియే. ఆ వ్యాజ్యములో గెలిచినది బీమా చేయించుకొన్న పక్షమే యని మాత్రము మేము తరచుగా చెప్ప మరతుము.

నేనును బహుకాలము బీమా న్యాయమును సూత్రములుగానే చెప్పితిని. విద్యార్థులు సెక్షన్లు తడబడక ఒప్పగించెడివారు. పరీక్షలలో మంచి మార్కులు తెచ్చుకొనెడివారు. అయితే, సాక్షి యెదుట నిలిచి నాలుగు ప్రశ్నలడుగుమన్న, నోరు పెగిలెడిది కాదు. లోపము వారిది కాదు, బోధనది. అప్పటినుండి మూట్ కోర్టునకు కావలసిన కథలను ఇంగ్లీషు తీర్పులనుండి గాక మా చిత్తూరు సీమనుండియే కల్పించి ఇచ్చుచు వచ్చితిని. అందు మూడింటిని మీకు విన్నవింతును.

మొదటిది పుంగనూరు ఆవు. ప్రపంచములోని మిక్కిలి పొట్టి పశుజాతులలో అది యొకటి. అట్టి ఆవు చచ్చినది. యజమాని బీమా సొమ్ము కోరినాడు. పశువుల బీమాలో చెవికి వేసిన బిళ్ల ముఖ్యమైన ఆనవాలు. కంపెనీ పక్షమున నిలిచిన విద్యార్థి పశువైద్యుని అడ్డుపరీక్ష చేయుచు, కళేబరమునకు బిళ్ల లేదని ఒప్పించెను. అక్కడ కూర్చుండిన బాగుండెడిది. కాని ఉత్సాహము పట్టలేక, “మరి అదే ఆవని మీరెట్లు చెప్పగలరు?” అని అడిగెను. వైద్యుడు కొమ్ముల తీరు, మచ్చల వరుస, తాను చేసిన వైద్యము, తెగిన చెవి అంచు—అన్నియు ఏకరువు పెట్టెను. జవాబు తెలియని ప్రశ్న అడ్డుపరీక్షలో వేయరాదని నేను పదిమార్లు చెప్పియుంటిని. ఆ విద్యార్థికి అది తెలిసినది మాత్రము ఆనాడే.

రెండవది మదనపల్లె టమాటా మార్కెట్టులో బరువులు మోయు కూలీ కథ. జీవిత బీమా చేసిన రెండేండ్లకు అతడు మరణించెను. దగ్గునకు చికిత్స పొందిన సంగతి ప్రపోజలు ఫారములో లేదని, అది మోసమని కంపెనీ సొమ్ము నిరాకరించెను. 1938 నాటి బీమా చట్టములోని 45వ సెక్షను ప్రకారము మొదట రెండేండ్లు గడచిన పాలసీని అబద్ధపు జవాబని చెప్పి త్రోసివేయుట కష్టము. మోసమని కంపెనీయే ఋజువు చేయవలసియుండెను. 2015 సవరణతో ఆ గడువు మూడేండ్లయినది. మూడేండ్లు దాటిన పిదప ఏ కారణముచేతను పాలసీని ప్రశ్నింప వీలులేదు. ఇది మేలే. కాని ఆ మూడేండ్లలోపల మోసమను ఆరోపణ వచ్చినపుడు, పాలసీదారుడు జీవించి లేనిచో, మోసము కాదని చూపు భారము సొమ్ము పొందవలసిన వారిపై నున్నది. అనగా, చనిపోయినవాని మనస్సులో నేమున్నదో అతని భార్య చెప్పవలెను! ఆ ఫారము ఏ భాషలోనున్నది? నింపినదెవరు? చదివి వినిపించినదెవరు? తనకున్న జబ్బు పేరైన అతనికి తెలియునా? ఈ ప్రశ్నలు వరుస తప్పక, నెమ్మదిగా అడుగు వకీలు లేనిచో ఆమెకు సెక్షను ఉండియు లేనట్లే.

మూడవది కుప్పము కథ. అచ్చట పట్టుపురుగుల పెంపకము కలదు. ఒక రైతు పట్టుగూళ్ల బస్తాలతో సరుకుల లారీ యెక్కెను. లారీ బోల్తాపడి మరణించెను. 1988 మోటారు వాహనముల చట్టమునకు 1994లో చేసిన సవరణవలన, సరుకుతోబాటు ప్రయాణించు సరుకు యజమానికి బీమా రక్షణ కలదు. ఉచితముగా ఎక్కిన ప్రయాణికునకు ఆ రక్షణ లేదని 2004లో బల్జీత్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. మా మూట్ కోర్టులో రైతు భార్య పాత్రను ఆ ప్రాంతపు విద్యార్థినియే ధరించినది. కంపెనీ వకీలు, “నీ భర్త బాడుగ ఇచ్చినాడా?” అని అడిగెను. “లేదు సామీ, ఊరికే ఎక్కించుకున్నారు” అని ఆమె జవాబు చెప్పెను. పల్లెలో ఆ మాటకు, తెలిసినవారు గనుక బాడుగ పుచ్చుకొనలేదని అర్థము. రికార్డులో అది ఉచిత ప్రయాణికుడని పడినది. ఆమె పక్షపు విద్యార్థి చట్టమంతయు చదివియుండియు లేచి నిలువలేదు. ఒక్క మాటతో కుటుంబము దావా ఓడినది.

1872 నాటి సాక్ష్య చట్టము స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. అయినను ముఖ్యపరీక్ష, అడ్డుపరీక్ష, పునఃపరీక్ష యను మూడు మెట్లును మారలేదు. అడ్డుపరీక్షలో చిక్కుపడిన మాటను విడదీయుటకే పునఃపరీక్ష యున్నది. అందును జవాబును అందించు ప్రశ్న వేయరాదు. సాక్షికి జవాబు నేర్పుట అధర్మము. సాక్షి యెరిగిన నిజము బయటికి వచ్చునట్లు అడుగుట విద్య. ఈ రెంటి నడుమనున్న సన్నని గీటును ఉపన్యాసముతో చూపలేము, అడిగించియే చూపవలెను.

ఈ సత్యమును మన దేశమున గట్టిగా చాటిన ఆచార్యుడు ఎన్.ఆర్. మాధవ మేనోను (1935–2019). వైద్య విద్యార్థి రోగి మంచము చెంత నేర్చునట్లు, న్యాయ విద్యార్థి కక్షిదారుని చెంత నేర్చు పద్ధతిని ఆయన బెంగుళూరు నేషనల్ లా స్కూలు తొలి డైరెక్టరుగా నుండి నాటెను. భారత బార్ కౌన్సిలు 1997లో ఈ శిక్షణను అన్ని కళాశాలలకు విధించినది: మూట్ కోర్టునకు 30 మార్కులు, ఒక సివిలు ఒక క్రిమినలు విచారణను చూచి వ్రాయుటకు 30, కక్షిదారునితో మాటలాడుట మొదలగు ముందస్తు పనులకు 30, మౌఖిక పరీక్షకు 10. ఏర్పాటు చక్కనిది. కాని చూడని విచారణను చూచినట్లు వ్రాసి మార్కులు పొందు విద్యార్థియు, తెలిసియు సంతకము చేయు ఉపాధ్యాయుడును ఉన్నంతకాలము అది కాగితముపైని బీమా వంటిదే.

ఇండ్లలో వినుచున్నవారికి రెండు మాటలు. ఏజెంటు నింపిన ఫారమును తెలుగులో చదివించుకొనక వ్రేలిముద్ర గాని సంతకము గాని వేయకుడు. దాని నకలు దాచుకొనుడు. పొందిన చికిత్సను దాచకుడు. సరుకుతో బండి యెక్కినపుడు ఆ సరుకునకు చీటీ నొకదానిని ఇంట నుంచుడు.

కుప్పము కథను మరుసటి వారము మరల నడిపించితిని. సాక్షి ఆమెయే, అదే ప్రశ్న, అదే జవాబు. ఈసారి ఆమె పక్షపు విద్యార్థి లేచి, “అమ్మా, ఆ లారీలో ఎవరి సరుకుండెను?” అని యడిగెను. “మావే సామీ, పట్టుగూళ్లు. రెండు బస్తాలు నేనే కుట్టినాను” అని ఆమె చెప్పెను. అతడు మరేమియు అడుగక కూర్చుండెను. ఎక్కడ కూర్చుండవలెనో గూడ నేర్చెనని నాకు సంతోషమైనది.