ఎవరి అడుగు ముందు?
(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను వర్తకము చేసికొనువాడను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించినవాడను. ఆటలను గూర్చి మాట్లాడుమని యువజనులు కోరినపుడు పెద్దలు నవ్వుదురేమో యని సంకోచించితిని. కాని ఆటలలోని ఒక చిక్కు మా యింటి గుమ్మములోనికే వచ్చినందున మాట్లాడక తప్పలేదు. రెండు దండులు ఒకే చోటికి బయలుదేరినపుడు ఎవరి అడుగు ముందుగా లెక్కకు వచ్చును? చిక్కు ఇదియే.

మనము నిత్యము చూచు కృష్ణగిరి కొండనే తీసికొనుడు. మూడవ మైసూరు యుద్ధమున, 1791 జూలైలో, హోసూరు, రాయకోట ఇంగ్లీషువారి వశమైనవి. ఆ సంవత్సరమే నవంబరు 7వ తేదీ రాత్రి కర్నల్ మాక్స్‌వెల్ సేన కృష్ణగిరిపై పడినది. దిగువకోట చిక్కినది. పాఱిపోవుచున్న టిప్పు సైనికుల వెంటబడి, వారితోపాటే మీదికోటలో దూరవలెనని ఇంగ్లీషు దండు కొండపైకి పరుగెత్తినది. తఱుముకొని వచ్చినవారు గుమ్మము చేరుటకును, లోపలివారు తలుపు మూయుటకును నడుమ వ్యవధి అత్యల్పము. తలుపే ముందు పడినది. పైనుండి బండలు దొర్లింపగా వచ్చినవారు వెనుదిరిగిరి. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధితో గాని బారామహలు వారి చేతికి పోలేదు.

యుద్ధమున ఎవరు ముందో కాలమే తేల్చినది. ఆటలో కాలము లేదు. వంతు మాత్రమే కలదు. వంతును ఎట్లు లెక్కింపవలెనో ఆట మొదలుపెట్టకముందే చెప్పుకొనవలెను.

మన తాతలు అరుగులమీదను, మండపముల బండలమీదను గీసి ఆడిన పులిజూదమును చూడుడు. ఇరువదిమూడు స్థానములు, మూడు పులులు, పదునైదు మేకలు. ఒక మేకను పెట్టగానే ఒక పులి కదలును. పదునైదవ మేక పలకపైకి వచ్చువఱకు ఏ మేకయు కదలరాదు. పులి తన ప్రక్కనున్న మేకపైనుండి దూకి, అదే గీతపై దాని కావలనున్న ఖాళీ స్థానమున దిగినచో మేక పోవును. ఆవల మఱొక మేక యున్నచో దూకుటకు వీలులేదు. కావున ఈ ఆటలో పోరాటమనగా మేకలను పెట్టు క్రమమే. మా అవ్వ మేకలను అంచులనుండి జంటలుగా పేర్చుకొని వచ్చెడిది. చివరి మేకను పెట్టునప్పటికి మా పులులకు ఊపిరాడెడిది కాదు. ఆమెకు అక్షరము రాదు. ఆమెను ఓడించినవారిని నేను చూడలేదు.

చదరంగమునను వంతు స్పష్టమే. బలాబలముల లెక్క అచ్చట లేదు. బంటు వచ్చి మంత్రి గడిలో దిగినచో మంత్రి లేచిపోవలసినదే. మన పాత పద్ధతిలో బంటు ఒక్కొక్క గడియే నడచెడిది. ఐరోపావారు మొదటి ఎత్తున రెండు గడులు నడువనిచ్చిరి. అట్లు ఎదిరి బంటు కన్నుగప్పి దాటిపోవుట అన్యాయమని తోచి, అది ఒక గడియే నడచినట్లు భావించి ఆ మఱుసటి ఎత్తుననే పట్టవచ్చునని నియమించిరి. చెన్నపట్టణపు తెలుగు కుటుంబమున పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరు 12న సింగపూరులో పదునెనిమిదవ యేట ప్రపంచ విజేత యయ్యెను. పదునాల్గవ ఆట, 55వ ఎత్తు. ప్రత్యర్థి డింగ్ లిరెన్ ఏనుగును తగని గడిలో పెట్టెను. ఆ మీది వంతు గుకేశ్‌ది. అంతటితో ఆట తిరిగినది.

కాని అందఱును ఒకేసారి కదలు ఆటలును కలవు. అమెరికా దేశీయుడైన ఆలన్ కాల్హమర్ 1959లో వెలువరించిన ‘డిప్లమసీ’ అట్టిది. ఏడుగురు ఆటగాండ్రు తమ ఆజ్ఞలను రహస్యముగా చీట్లపై వ్రాయుదురు. అన్నిటిని ఒక్కసారిగా విప్పుదురు. పాచికలు లేవు. సమబలముగల రెండు దండులు ఒకే చోటికి పోజూచినచో రెండును ఉన్నచోటనే నిలుచును. ప్రక్క దండు సహాయము వ్రాసినచో బలము ఒకటి పెరుగును. రెండు దండులు నేరుగా చోట్లు మార్చుకొనజాలవు. మూడు దండులు చక్రముగా తిరిగినచో మూడును కదలును. కంప్యూటరు ఆటలలో ఇట్టి లెక్కలను యంత్రమే వేయును గనుక పిల్లలు తగవులాడరు.

మా తమ్ముని కొడుకును, ప్రక్కయింటి పిల్లవాడును అట్టపై మన సీమ పటము గీసికొని ఈ పద్ధతిలో ఆడుచుండిరి. ఒకనాడు చీట్లు విప్పగా ఇట్లున్నది. ప్రక్కయింటి పిల్లవాని శూలగిరి దండు కృష్ణగిరికి కదలవలెను. కృష్ణగిరిలో మావాని దండు కదలక నిలిచియున్నది. మావాని రాయకోట దండు శూలగిరికి రావలెను. తీర్పు చెప్పుమని నన్ను పిలిచిరి. శూలగిరి దండు బయలుదేరినది గనుక ఊరు ఖాళీ, మావానిదే యని చెప్పితిని.

“అయితే నా దండు యాడికి పోయింది, మామా?” అని ఆ పిల్లవాడు అడిగెను. నాయొద్ద ప్రత్యుత్తరము లేదు. పెద్దఱికముతో కసరితిని. మఱునాటినుండి అతడు రాలేదు. మా వీధిలో మావానితో తెలుగు మాటాడు ఈడువాడు అతడొక్కడే.

ఆ రాత్రి అంగడి లెక్కలు చూచుకొనుచుండగా సంగతి తెలిసినది. ఒకే దినమున జమయు చెల్లును ఉన్నపుడు, జమ నిజముగా పడినదా యని చూడక చెల్లు వ్రాయుదునా? శూలగిరి దండు కృష్ణగిరిలో ప్రవేశింపగలదా యని ముందు చూడవలసినది. అచ్చట సమబలము అడ్డుగా నున్నది, అది పోలేదు. పోలేదు గనుక శూలగిరి ఖాళీ కాలేదు. ఖాళీ కాలేదు గనుక రాయకోట దండును నిలిచిపోవలసినదే. నేను మావాని లాభమును చూచి నియమమును కల్పించితిని. మఱునాడు వారి యింటికి పోయి, తల్లిదండ్రుల యెదుటనే ఈ మాట చెప్పి వచ్చితిని.

ఈ ఉగాదికి పులిజూదపు పోటీ పెట్టవలెనని కొందఱు కోరుచున్నారు. హోసూరు వైపు కుటుంబములలో పులి ఒకే వంతున రెండు మేకలను చంపవచ్చునందురు. కృష్ణగిరి వైపు మా బంధువులు కూడదందురు. చంపుటకు వీలున్నపుడు పులి చంపియే తీరవలెనా? ఎన్ని మేకలు పోయినచో పులి గెలిచినట్లు? మూడు పులులును కదలలేని స్థితి ఎవరి వంతున తేలవలెను? పలక ముందు కూర్చుండిన పిమ్మట ఇవి తేలవు. మీమీ యిండ్ల పద్ధతులను కాగితముపై వ్రాసి, వచ్చు ఆదివారములోగా నా అంగడిలో అందజేయుడు. అధికసంఖ్యాకుల పద్ధతిని స్వీకరించి పోటీకి ముందే గోడపై అంటింతము.

ఆ నియమములను తానే వ్రాయుదునని ప్రక్కయింటి పిల్లవాడు మొన్న వచ్చెను. అతనికి తెలుగు మాటలు వచ్చును గాని అక్షరములు రావు. ఆటచీట్లను తమిళాక్షరములలో వ్రాయుచుండెను. మావాడు ప్రతిసాయంకాలము అతనిచేత దిద్దించుచున్నాడు. నిన్నటికి ‘పులి’ అను మాట వచ్చినది. ‘మేక’ ఇంకను రావలసియున్నది.