దోషానికి వెరచి సేవ మానరాదు
(భజన మండళ్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గోదావరీ తీరాన వెలసిన ధర్మపురి క్షేత్రం మనకు రెండు విధాల పుణ్యస్థలం. అక్కడ శ్రీ లక్ష్మీనరసింహస్వామి దర్శనం లభిస్తుంది. ఆ స్వామిని సంబోధిస్తూ నరసింహ శతకం రచించిన శేషప్ప కవికి కూడా అదే నిలయం. 2016లో జిల్లాలు మారి ధర్మపురి జగిత్యాల జిల్లాలో చేరినా, కరీంనగర్ సీమవారమైన మేము శేషప్పను మావాడనే చెప్పుకుంటాము. మా తరంలో ఆ శతకం నుండి ఒక్క పద్యమైనా కంఠస్థం కానివారు అరుదు.

నేడు ఆ శతకంలోని రెండు భావాలను మీ ముందుంచుతాను. గానవిద్య నేర్చి కూడా పాడటానికి వెనుకాడేవారికి ఆ రెండూ దివ్యౌషధాలు.

మొదటిది శతకారంభంలోనే ఉన్నది. తాను గణ యతి ప్రాసల లక్షణం ఎరుగననీ, పంచకావ్యాలు పఠింపలేదనీ, అమరకోశం పరిశీలింపలేదనీ కవి స్వామితో విన్నవించుకుంటాడు. తప్పు దొర్లినంత మాత్రాన భక్తికి కొరత కలుగదని చెప్పి, చెఱకు గడను ఉపమానంగా చూపుతాడు. గడ వంకర అయినా అందులోని తీపికి లోపం లేదు గదా! ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. లక్షణం ఎరుగనన్న ఆ మహనీయుడు రచన మానలేదు. సీస పద్యాలనే ఎన్నుకొని శతకం పూర్తిచేశాడు. లక్షణమంతా నేర్చిన పిమ్మటనే రచిస్తానని కూర్చుని ఉంటే మనకు ఆ శతకమే లేదు.

రెండవది మరింత గంభీరమైనది. బ్రతికినన్నాళ్లు భజన తప్పనుగాని, అంత్యకాలంలో వాత పిత్త కఫాలు క్రమ్మినప్పుడు నీ నామం నా నాలుకపైకి వస్తుందో రాదో, కాబట్టి అప్పటి భజన ఇప్పుడే చేసివేస్తానని కవి అంటాడు. వాయిదాకు ఇంతకంటె సూటి అయిన సమాధానం నేను ఎక్కడా చదవలేదు.

భగవద్గీత అష్టాదశాధ్యాయంలో ఈ రెండు వ్యాధులకూ స్థానమున్నది. తామస కర్త లక్షణాలలో దీర్ఘసూత్రత్వం ఒకటి. నేటి పనిని రేపటికి, రేపటి పనిని ఆపైకి సాగదీసేవాడు దీర్ఘసూత్రి. అదే అధ్యాయంలో, అగ్నిని పొగ ఆవరించినట్లు సమస్త కర్మలనూ ఏదో ఒక దోషం ఆవరించి ఉంటుందనీ, అందుచేత సహజకర్మను విడువరాదనీ భగవానుడు బోధించాడు. పొగకు జంకి పొయ్యి వెలిగించనివాని ఇంట నైవేద్యం ఎట్లా సిద్ధమవుతుంది? దోషభయమే దీర్ఘసూత్రతకు తల్లి అని నా అభిప్రాయం. సోమరి పని ఇష్టం లేక మానుతాడు. దోషభీతుడు పనిపై అమితమైన ఇష్టంతోనే మానుతాడు. ఫలం మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

నాతో పాఠశాలలో చదివిన మిత్రుడొకడు చక్కని గాయకుడు. స్వామి సన్నిధిలో పాడుమంటే, తోడిరాగం ఇంకా పక్వం కాలేదనేవాడు. ఇంట ఒంటరిగా పాడగా గోడ చాటున విన్నవారు పరవశించేవారు. ఏబది ఏండ్లు దాటిన పిమ్మట గొంతుకు వ్యాధి సోకి, శస్త్రచికిత్స జరిగి, స్వరం పోయింది. ఆనాటి నుండి అతడు ప్రతి శనివారం భజనకు వచ్చి తాళం వేయసాగాడు. పిల్లలు తడబడి పాడుతుంటే కన్నులతోనే కానిమ్మని ప్రోత్సహించేవాడు. ఆ తాళంలో భక్తికి లోటు లేదు. అయినా ఆ తోడిరాగం స్వామి సన్నిధిలో ఒక్కనాడూ వినబడలేదు.

అయితే అపశ్రుతినే ప్రసాదంగా పంచుమని నేననడం లేదు. శ్రుతి తల్లి, లయ తండ్రి అని పెద్దలు చెప్పిన మాట ఎన్నడూ విస్మరింపరాదు. దోషం తెలుసుకోవలసిందే, దిద్దుకోవలసిందే. కాని పాడని పాటను ఏ గురువు దిద్దగలడు? పాడిన పిమ్మట దోషాలు లెక్కించుకోవడం సాధన. పాడకముందే లెక్కించుకోవడం భయం.

ఆచరణలో మూడు నియమాలు చాలు. మొదటిది, ప్రతిదినం ఒకే వేళకు దీపం వెలిగించి ఒక్క కీర్తన సాంతం పాడండి. నడుమ తప్పినా ఆగి వెనుకకు పోవద్దు. దిద్దుబాటుకు వేరొక వేళ కేటాయించండి. రెండవది, స్వామికి ఒక తిథి మాట ఇవ్వండి. ఏకాదశికి ఈ కీర్తన అన్న సంకల్పం చేసుకుంటే వాయిదాకు చోటుండదు. మూడవది, ఒంటరిగా జంకితే గోష్ఠిలో పాడండి. త్యాగరాజస్వామి 1847లో పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందారు. ఆ తిథినాడు తిరువయ్యారులో విద్వాంసులు, విద్యార్థులు ఒకచోట కూర్చుని పంచరత్న కృతులు గానం చేస్తారు. మన వేములవాడ రాజరాజేశ్వర క్షేత్రంలోనూ త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతాయి. గోష్ఠిలో పెద్ద గొంతులు చిన్న గొంతును మోసుకొని పోతాయి.

తల్లిదండ్రులకు, గురువులకు ఒక మనవి. బాసర జ్ఞానసరస్వతి సన్నిధిలో అక్షరాభ్యాసం చూచే ఉంటారు. పెద్దలు పట్టి దిద్దించిన చేతితో శిశువు వ్రాసే తొలి అక్షరం వంకరగానే ఉంటుంది. దానిని చూచి ఎవరూ కోపగించరు, పలక తిరిగి ఇచ్చివేయరు. మీ బిడ్డ తొలిసారి పాడినప్పుడు కూడా ఆ కన్నులతోనే చూడండి. తొలినాడే పరిహసిస్తే ఆ బిడ్డ జీవితమంతా రేపు పాడుతాననే అంటాడు.

వచ్చే ఏకాదశికి మీలో ప్రతి ఒక్కరూ ఒక్కొక్క కీర్తన సిద్ధం చేసుకొనండి. వచ్చినంత వరకే పాడండి. చెఱకు ఎంత వంకరయో చూడక, తీపిని గ్రహించే స్వామి వింటాడు.

స్వస్తి.