బందరు సీమ: ఏటికి, కడలికి నడుమ

ఒక పట్టణమును చూడబోయినవారు సాధారణముగా కోటను, గుడిని, అంగడివీధిని చూచి తిరిగివత్తురు. కాని ఆ పట్టణము ఎట్లు బ్రతుకుచున్నదో తెలియవలెనన్నచో దాని సరకు ఎక్కడికి పోవునో, దాని నీరు ఎక్కడినుండి వచ్చునో, ఆపద వచ్చిన రాత్రి దానికి ఎవరు దిక్కో విచారింపవలెను. ఈ మూడు ప్రశ్నలతో మనము మచిలీపట్టణమును, దానిని పోషించుచున్న కృష్ణాడెల్టా దిగువ సీమను ఒకసారి చుట్టివత్తము.

మచిలీపట్టణమునకు జనుల వాడుకలో బందరని పేరు. బందరనగా పారసీక భాషలో రేవు. రేవే ఊరికి పేరైనదనిన దాని పూర్వప్రాభవమును వేరుగా చెప్పనక్కరలేదు. క్రీస్తుశకము తొలి శతాబ్దులనాటి గ్రీకు గ్రంథములలో ఈ తీరము మసాలియ యనియు, మైసోలియ యనియు కానవచ్చును. టాలెమీ పేర్కొనిన కంటకోస్సిల మన దివిసీమలోని ఘంటసాలయే యని చరిత్రకారులు తలంచుచున్నారు. అచ్చటి బౌద్ధస్తూపశిథిలములు ఆ గ్రామపు ప్రాచీనతకు సాక్ష్యములు.

గోలకొండ సుల్తానుల కాలమున ఈ రేవు వారి రాజ్యమునకు సముద్రద్వారముగా నుండెను. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను ఇచ్చట వర్తకస్థానములను నెలకొల్పిరి. ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఈ ఊరి ఇండ్లన్నియు కొయ్యతో కట్టినవే యనియు, ఓడలు నిలుచుటకు మాత్రము బంగాళాఖాతమున దీనికి సాటి లేదనియు వ్రాసినాడు. పెగూ, అరకాను, సుమత్రా దీవి, పారసీక తీరములకు ఇచ్చటినుండి ఓడలు సాగెడివి. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి కోటను పట్టుకొనెను. ఫ్రెంచిపేట యనబడు చిన్న తావు మాత్రము 1947 అక్టోబరు వరకు ఫ్రెంచివారి హక్కులోనే నిలిచి, అప్పుడు భారత ప్రభుత్వమునకు దక్కినది.

ఓడలకెక్కిన సరకులలో మేలైనది అద్దకపు బట్ట. ఆ విద్య నేటికిని బందరు చెంత పెడనలో జీవించియున్నది. నేతబట్టను పశువుల పేడనీటిలో నానవైచి, ఉతికి, ఎండబెట్టి తెల్లపరతురు. పిమ్మట కరక్కాయ కలిపిన పాలలో ముంచుదురు. పాలలోని జిడ్డు రంగును ప్రక్కలకు ప్రాకనీయదు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీటిలో పులియబెట్టినచో నల్లరంగు సిద్ధమగును. ఎరుపు కావలసినచోట మొదట పటికనీటితో అచ్చు వేయుదురు. చిరువేరుతో కాచినప్పుడు పటిక సోకినచోట మాత్రమే ఎరుపు పట్టును. టేకుకొయ్యతో చెక్కిన అచ్చులు ఒక్కొక్క రంగునకు వేరువేరుగా నుండును. ఈ పనిలో పారునీటికి గల ప్రాముఖ్యము మరువరానిది. అంటని పటిక కాలువ ప్రవాహములో కొట్టుకొనిపోయిననే గాని నేల తెల్లగాను, బొమ్మ స్పష్టముగాను తేలవు. కావున కాలువ ఎండిన వేసవిలో అద్దకపువానికిని కష్టకాలమే.

ఇంతటి రేవు ఏల క్షీణించినది? పోరులకంటె మంటి ప్రభావము పెద్దది. కృష్ణవేణి తెచ్చిన ఒండ్రు ఏటేట తీరమున మేటవేసి సముద్రమును లోతు తక్కువ చేసినది. పెద్ద ఓడలు మైళ్ళ దూరమున లంగరు దించగా, సరకులను పడవలపై చేరవేయవలసి వచ్చెను. దానికి తోడు మాంచెస్టరు మరబట్ట మన అంగళ్ళను క్రమ్ముకొన్నది. 1908లో రైలు వచ్చినది గాని అప్పటికే వర్తకము చెన్నపట్టణమునకు తరలిపోయినది. 1933లో విశాఖరేవు తెరువబడిన తరువాత బందరు మరింత వెనుకబడెను. రేవును పూడ్చిన ఆ ఒండ్రే పొలమును పండించినదనుట ఈ సీమ కథలోని విచిత్రము.

ఆ పంటకు మూలము ఆనకట్ట. 1832-33లో వచ్చిన డొక్కల కరవు ఈ ప్రాంతమును వల్లకాడు చేసినది. అటుపిమ్మట సర్ ఆర్థర్ కాటన్ ప్రేరణముతో విజయవాడ యొద్ద ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనది. దాని స్థానమున 1957లో ప్రకాశం బారేజి నిలిచినది. గుడివాడ ధాన్యపు విపణిగాను, భీమవరము, బందరు, విజయవాడ మార్గములు కలియు రైలు కూడలిగాను పెరుగుట ఈ కాలువల చలువయే. కాని కాలువ తలాపున నున్న రైతునకును శివారు రైతునకును ఒకే న్యాయము జరుగుట కష్టము. ఎగువను నీరు చాలనినాడు మొదట ఎండునవి దివిసీమలోని శివారు నారుమళ్ళే. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి జలము కృష్ణాడెల్టాకు చేరుచుండుట కొంత ఊరట. తీపినీరు తగ్గినచోట ఉప్పునీరు ఎగబ్రాకును. రొయ్యల చెరువులు పెరిగినచోట ప్రక్క వరిచేను చవుడుబారు భయము కలదు. లాభము ఒకరిది, నష్టము వేరొకరిదైనప్పుడు కట్టడి చేయవలసిన బాధ్యత ప్రభుత్వముది.

రేవు పోయినను పట్టణము బుద్ధిబలమును కోల్పోలేదు. 1843లో నోబుల్ దొర స్థాపించిన పాఠశాల తరువాత కళాశాలయైనది. 1902లో పుట్టిన కృష్ణాపత్రికను ముట్నూరి కృష్ణారావుగారు దీర్ఘకాలము నడిపి తెలుగువారికి రాజకీయ విచక్షణను నేర్పిరి. 1910లో కోపల్లె హనుమంతరావుగారును వారి మిత్రులును ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. అచ్చట ప్రమోదకుమార చటర్జీ చిత్రలేఖనము నేర్పగా, అడివి బాపిరాజుగారు శిష్యులైరి. పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఇచ్చటనే ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అది 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనను, ఓడలు పోయిన ఊరిలో పరపతి పుట్టినదను మాట చెరిగిపోదు. చిలకలపూడి గిల్టునగలు, బందరు లడ్డు ఆ ఊరి పేరును నేటికిని ఊరూర మోయుచున్నవి.

ఇక మూడవ ప్రశ్న. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచి, సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందికి పైగా మరణించిరి. వాయుగుండము వచ్చుచున్నదని తెలియకపోలేదు; కాని ఎగయు నీరు ఎంత లోపలికి వచ్చునో ఊరివారికి చెప్పినవారు లేరు, చెప్పినను తలదాచుకొనుటకు ఎత్తైన కట్టడము లేదు. పిదప తీరగ్రామములలో తుపాను రక్షణ భవనములు లేచినవి. 1990 మే నెలలో అంతటి తీవ్రమైన తుపానే మరల ఈ తీరమును తాకినప్పుడు లక్షమందికి పైగా ముందే తరలింపబడిరి. చనిపోయినవారి సంఖ్య వేయిలోపే నిలిచినది. అదియును చిన్న నష్టము కాదు. అయినను రెండు అంకెలకు నడుమగల అంతరము గాలి దయ వలన కలిగినది కాదు. హెచ్చరిక, రహదారి, భవనము, ఉద్యోగుల పూనిక వలన కలిగినది.

పరిపాలనయు పట్టణముతోపాటు మారుచు వచ్చినది. 1866లో ఏర్పడిన పురపాలక సంఘము 2015లో నగరపాలక సంస్థయైనది. 2022లో జిల్లా విభజింపబడగా, విజయవాడ వేరు జిల్లాకు ముఖ్యపట్టణమై, కృష్ణాజిల్లా పాలనాకేంద్రముగా బందరే నిలిచినది. క్రొత్త రేవు పనులు 2023లో ఆరంభమైనవి. రేవును త్రవ్వుటతో పని ముగియదు. ఏటేట చేరు మేటను తీయుచునే యుండవలెను. ఆ వ్యయమును నేడే లెక్కించుకొనుట వివేకము.

మడ అడవుల మాట చెప్పి ముగించెదను. నాగాయలంక, ఎదురుమొండి ప్రాంతములలో ఏరు కడలిని కలియుచోట ఈ చెట్లు వ్రేళ్ళతో బురదను పట్టి, అలల వేగమును తగ్గించును. చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు నీడనిచ్చును. వీనిని నరికి చెరువు త్రవ్వినవాడు తన లాభము కొరకు ఊరి కంచెను తీసినవాడగును. తీరగ్రామపు ప్రతి కుటుంబమును తమకు దాపున నున్న రక్షణ భవనమేదో, దానికి దారి యేదో పిల్లలకు సైతము తెలిపియుంచవలెను. మురుగుకాలువలను మేఘము కానరాకముందే బాగుచేయించుకొనవలెను. రేవు సంపదను తెచ్చిన నాడును, తేని నాడును ఈ పనులు తప్పవు.