చెవికీ విశ్రాంతి కావాలి



ఈ రోజు మనం మాట్లాడుకునేది చాలా చిన్న వస్తువు గురించి. మీలో చాలామంది జేబుల్లో ఉన్న ఇయర్‌బడ్స్ గురించి. వాటిని పారేయమని చెప్పడానికి మేము రాలేదు. పాటలు, పాఠాలు, ప్రసంగాలు, ఇంటికి చేసే ఫోన్లు, అన్నీ ఇప్పుడు వాటిలోనే నడుస్తున్నాయి. వాడే పద్ధతి మాత్రం మారాలి. ఎందుకంటే పెద్ద శబ్దం వల్ల శాశ్వతంగా పోయిన వినికిడిని ఏ మందూ తిరిగి తేలేదు.

ఈ సంగతి మన తెలుగువాళ్లకు కొత్తది కాదు. షోలాపూర్‌లో, భివండీలో మనవాళ్లు తరతరాలుగా మగ్గాల మీద బతికారు. పవర్‌లూమ్ షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలే. అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన పెద్దవాళ్లను గమనించండి. టీవీ సౌండ్ పెంచుతారు, గట్టిగా మాట్లాడతారు. గొంతు వినపడుతోంది గాని మాట తెలియడం లేదంటారు. మెల్లగా ఇంట్లో జరిగే మాటల్లోంచే తప్పుకుంటారు. మనుషుల మధ్య ఉండి ఒంటరి కావడం చిన్న బాధ కాదు.

ఎందుకిలా జరుగుతుంది? లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంది. అందులో పుట్టుకతోనే సుమారు 15 వేల సూక్ష్మమైన రోమకణాలు ఉంటాయి. శబ్దాన్ని నరానికి అందించేవి అవే. పెద్ద చప్పుడుకు అవి గాలివానకు పైరు వాలినట్లు వాలిపోతాయి. విశ్రాంతి దొరికితే కొన్ని కోలుకుంటాయి. రోజూ అదే దెబ్బ తగిలితే చచ్చిపోతాయి. గోళ్లలా, జుట్టులా మళ్లీ పెరగవు. సన్నని శబ్దాలను పట్టుకునే కణాలు ముందు పోతాయి. స, శ, ష, ఫ వంటి అక్షరాలు వినడానికి అవే ఆధారం. అందుకే గొంతు అందుతుంది, మాట అందదు.

ఎంత శబ్దం, ఎంతసేపు? ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ఒక ప్రమాణం ఇచ్చాయి. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. పిల్లలకు 75 దగ్గరే 40 గంటలు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది. పెద్దవాళ్లకు 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5. 101కి చేరేసరికి వారం మొత్తానికి 20 నిమిషాలు కూడా మిగలవు. వాల్యూమ్ పూర్తిగా పెంచితే ఇయర్‌బడ్స్ శబ్దం 100 దాకా వెళ్లగలదు. అంటే మగ్గాల షెడ్డును మించిన మోతను మనమే చెవిలో పెట్టుకుంటున్నాం. మగ్గం కార్మికుడికి ఆ చప్పుడు వద్దనే వీలు లేదు. మనకు ఉంది.

అందుకే కొన్ని అలవాట్లు చేసుకుందాం. వాల్యూమ్ 60 శాతం దాటనివ్వవద్దు. నిశ్శబ్దంగా ఉన్నచోట వాల్యూమ్ సరిచేసుకుని, లోకల్ ట్రైన్‌లోనో బస్సులోనో బయటి రొద మీద గెలవడానికి పెంచవద్దు. గంటకోసారి తీసి పది నిమిషాలు చెవికి విశ్రాంతి ఇవ్వండి. పెట్టుకుని నిద్రపోవద్దు. బండి నడిపేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల దగ్గర అసలు వద్దు. ఒకరివి ఒకరు వాడుకోవద్దు. పొడి గుడ్డతో తుడుచుకోండి. తడి చెవిలో పెట్టవద్దు. గులిమి తీయడానికి పిన్నీసు, అగ్గిపుల్ల, కాచిన నూనె జోలికి పోవద్దు.

చెవిలో గుయ్‌మనే మోత ఆగకపోయినా, మాటలు మసకబారినట్లున్నా చెవి డాక్టరును కలవండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే జలుబేమోనని ఆగవద్దు. అది అత్యవసరం, ఆ రోజే వెళ్లాలి. ఆలస్యమైనకొద్దీ వినికిడి తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది. కర్ణాటకలో ఉన్నవారికి మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, మహారాష్ట్రలో ఉన్నవారికి ముంబైలో అలీ యావర్ జంగ్ సంస్థ ఉన్నాయి. రెండూ కేంద్ర ప్రభుత్వానివే.

సంఘ పెద్దలకు ఒక మనవి. చిన్న మందిరంలో పెద్ద సౌండ్ బాక్సులు అవసరమా? స్పీకర్ల ముందు పసిపిల్లలను కూర్చోబెట్టవద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు వద్దని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. పక్కింటి రోగి నిద్రను కాపాడటం కూడా పొరుగువారి పట్ల ప్రేమే.

యౌవనస్థులారా, మీ చెవులతో ఆగిపోవద్దు. పని చప్పుడు వల్ల వచ్చే వినికిడి లోపాన్ని మన చట్టం వృత్తి వ్యాధిగా గుర్తించింది, పరిహారానికి అవకాశం ఇచ్చింది. ఇది తెలియని కార్మికులు మన సంఘాల్లోనే ఉన్నారు. ఈఎస్‌ఐ కార్డు ఉన్న పెద్దవాళ్లను పరీక్షకు వెంటబెట్టుకు వెళ్లండి. కార్డు లేని చిన్న షెడ్లవారికి చెవి రక్షణ సాధనాలు ఇమ్మని యజమానులను కలిసి అడుగుదాం. కష్టంలో ఉన్నవారి మొర వినడమే మన సేవకు మొదటి మెట్టు. ఆ మొర వినడానికి చెవులు బాగుండాలి. ఈ సాయంత్రమే ఫోన్ సెట్టింగ్స్ తెరిచి వాల్యూమ్‌కు హద్దు పెట్టుకోండి, తర్వాత ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లకు మీ మాట ఎంత అందుతోందో అడగండి.